విడిది వేఱు, కాపురము వేఱు



ఇంగ్లండు దేశమువారు సెలవులలో పరదేశములకు విహారమునకు పోయి, తిరిగి వచ్చిన పిమ్మట తమ్ము పంపిన ప్రయాణ సంఘములవారికి వ్రాసిన ఫిర్యాదులని చెప్పి కొన్ని ముచ్చటలు ఆ దేశపు పత్రికలలో తఱచు అచ్చగుచుండును. సముద్రములో చేపలున్నవని మాకు ముందుగా ఏల చెప్పలేదని యొకరు. మీ చిత్రపటములో ఇసుక తెల్లగా నున్నది, ఇచ్చట పసుపుపచ్చగా నున్నదని మఱియొకరు. స్పెయిను దేశమున స్పెయినువారు మిక్కుటముగా నున్నారని వేఱొకరు. వీనిలో అతిశయోక్తి కొంత యుండవచ్చును గాని, చదివి నేను కడుపు పట్టుకొని నవ్వితిని.

నవ్వి పత్రిక మడిచి పెట్టితినో లేదో, మా యెదుటి వాటాలోని వదినగారు లండనులో పెద్దకుమారుని యింట మూడు మాసములుండి మియాపూరునకు తిరిగి వచ్చిరి. కాళ్లు కడుగుకొనక మునుపే ఫిర్యాదులు మొదలయ్యెను. డిసెంబరు మాసమున సాయంకాలము నాలుగు గంటలకే ప్రొద్దు క్రుంకునట. వీధిలో మనుష్యుల అలికిడి లేదట. తాలింపు పెట్టినచో ఆ పొగకు పైకప్పునందలి గంట గణగణ మ్రోగి ఇల్లు అదిరిపోవునట. పనిమనిషి లేదు, కోడలు వండగా కొడుకు అంట్లు తోమవలెను. (ఇది చెప్పునపుడు ఆమె కంఠము తగ్గించిరి.) చెత్తకు వేర్వేఱు రంగుల డబ్బాలు, వానికి వేర్వేఱు దినములు. జలుబుచేసి వైద్యుని చూడవలెనన్నను ముందుగా వేళ నిర్ణయించుకొనవలెను. రైలులో ప్రక్కనున్న వారిని ఏ యూరని యడిగినచో బెదరి చూతురు. ఒక్క పూట కూడ కోడి కూత వినలేదని చెప్పి ఆమె ముగించిరి. మియాపూరులో మాత్రము కోడి యెక్కడ కూయుచున్నది?

ఇదియంతయు హాస్యమునకే వ్రాసెడిదాననైనచో ఇచ్చటితో నిలిపియుందును. కాని వదినగారి రెండవ కోడలు వచ్చు మాసమున మాంచెస్టరునందలి భర్త యొద్దకు పోవలసియున్నది. ఆ అమ్మాయి హైటెక్ నగరమున ఉద్యోగము చేయుచున్నది. ఆ సాయంకాలము మెల్లగా మా యింటికి వచ్చి, “పిన్నిగారూ, అత్తయ్యగారు చెప్పినవన్నియు నిజమేనా? అచ్చట నాకు తోచునా?” అని యడిగినది. నేను బదులు చెప్పక, “నీ పాస్‌పోర్టు ఎక్కడ నున్నదమ్మా?” అంటిని. “మామయ్యగారి బీరువాలో నున్నది” అన్నది. పదవ తరగతి పత్రములు? పుట్టింట. వివాహ నమోదు పత్రము? ఆయన చూచుకొందురు. పచ్చళ్లు మాత్రము తూచి సిద్ధముగా నున్నవి: ఆవకాయ, గోంగూర, మాగాయ, వాని నడుమ రెండు కిలోల నెయ్యి.

ఫిర్యాదులు క్రొత్తవి కావు. మన దేశమునకు వచ్చిన దొరసానులును చేసిరి. జూలియా మెయిట్లండు అనునామె 1836 తుదను మద్రాసున దిగి, న్యాయాధికారియైన భర్తతో రాజమహేంద్రవరమునకు కాపురము వచ్చెను. ఆమె యింటికి వ్రాసిన యుత్తరములు 1843లో లండనున, రచయిత్రి పేరు లేకుండ, ఒక స్త్రీ వ్రాసినవిగా గ్రంథమై వెలువడెను. ఎండను గూర్చియు, పురుగులను గూర్చియు ఆమెయు మొఱపెట్టుకొనెను. కాని మద్రాసులో నున్న వేఱొక దొరసానిని ఈ దేశమున నీవేమి చూచితివని ఆమె యడుగగా, ఏమియు చూడలేదు, ఈ జనులను గూర్చి తెలియకుండుటయే మేలు అను భావముతో ఆ దొరసాని బదులు చెప్పినదట. దానికి ఈమె విస్తుపోయెను. రాజమహేంద్రవరమున భార్యాభర్తలిద్దఱును మన పిల్లలకొక పాఠశాల పెట్టించిరి. ఇద్దఱు దొరసానులకును ఎండ యొక్కటే. ఒకరు విడిదిలో నుండిరి, ఒకరు కాపురముండిరి.

వదినగారిది విడిది. ఆమె చెప్పినవి అసత్యములు కావు. పొగ గంటయు నిజమే, చీకటియు నిజమే. వంటగది కిటికీ తెఱచి తాలింపు పెట్టినచో మొదటి దానికి ఉపాయము కలదు. రెండవ దానికి మార్చి వఱకు ఓపిక పట్టవలెను. కాపురమునకు పోవు పిల్ల అడుగవలసిన ప్రశ్నలు వేఱు. అందుచేత ఆ అమ్మాయితో చెప్పినవానినే ఇచ్చట వ్రాయుచున్నాను.

మొదట పేరు. మన తెలుగువారి పేరులలో ఇంటిపేరు ముందుండును. బడి పత్రములలో అది పొడి అక్షరమై యుండును. పాస్‌పోర్టులో విస్తరించి యుండును. పెండ్లి తరువాత కొందఱు దానిని మార్తురు. మా పెద్దమ్మాయి ఆ దేశమున కాపురము పెట్టిన క్రొత్తలో ఆమె పేరున్న చోట ఇంటిపేరును, ఇంటిపేరున్న చోట పేరును పడి, వైద్యశాలలో ఆమెను ఆఱు మాసములు మా వియ్యంకులవారి ఇంటిపేరుతో పిలిచిరి. పిలుచుట కేమి గాని, ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టినపుడు పట్టము ఒకరిది, పాస్‌పోర్టు మఱియొకరిది అన్నట్లు చూచిరి. పదవ తరగతి పత్రము, పట్టము, పాస్‌పోర్టు, వివాహ నమోదు పత్రము నాలుగును ప్రక్కప్రక్కన పఱచి ఒక్కొక్క అక్షరము సరిచూడవలెను. తప్పున్నచో ఇచ్చట నుండగనే దిద్దించుకొనవలెను. వివాహ నమోదు 2002 నాటి చట్టము ననుసరించి మనకు తప్పనిసరి. శుభలేఖయు ఛాయాచిత్రములును దానికి సాటిరావు.

ఆఱు మాసములకు మించి ఉండబోవు మనవారు క్షయరోగము లేదని ఆ ప్రభుత్వము అంగీకరించిన వైద్యశాలనుండి పత్రము తేవలెను. అది ఆఱు మాసములే చెల్లును. కనుక తొందరపడి ముందే తెచ్చుకొని, వీసా ఆలస్యమైనచో మరల చేయించుకొనవలసి వచ్చును. బ్రిటనులో వైద్యము ఉచితమని మనవారు చెప్పుదురు. 2024 ఫిబ్రవరి నుండి పెద్దవారికి ఏటికి 1,035 పౌనులు, పిల్లలకు 776 పౌనులు వైద్య రుసుము వీసాతోపాటు ముందే చెల్లించవలెను; మూడేండ్లకైనచో మూడేండ్లదియు ఒకేసారి. అంత ఇచ్చిన పిదప వైద్యుని యొద్ద పేరు నమోదు చేసికొనుటకు బద్ధకింపరాదు. చేరిన వారములోనే చేసికొనవలెను. వదినగారివలె చూడ వచ్చువారికి ఈ రుసుము లేదు, కాని ఆసుపత్రిలో చేరినచో వారు బిల్లు కట్టవలెను. అందుచే పెద్దలకు ప్రయాణపు బీమా లేకుండ టిక్కెట్టు కొనరాదు.

నెయ్యి సంగతి చెప్పగానే ఆ అమ్మాయి చిన్నబోయినది. మన దేశమునుండి పాలతో చేసినవియు మాంసముతో చేసినవియు బ్రిటనునకు తీసికొనిపోగూడదు. కనుక నెయ్యియు, పాలకోవాయు ఇచ్చటనే నిలిచిపోవలెను. ఆవకాయకు అడ్డులేదు, నూనె కారకుండ మూత బిగించి పెద్ద పెట్టెలో పెట్టవలెను, చేతిసంచిలో పెట్టినచో తనిఖీలో తీసివేయుదురు. మిక్సీ నిరభ్యంతరముగా తీసికొనిపోవచ్చును. అచ్చటి విద్యుత్తు మన యింటిదాని వంటిదే. చతురపు ముండ్ల ప్లగ్గు అమరికయొకటి చాలును. అమెరికాలో ఆ మిక్సీయే పనికిరాదు. ఒంటిపై నగలున్నచో శంషాబాదు విమానాశ్రయమున కస్టమ్సువారికి చూపి పత్రము తీసికొనవలెను. తిరిగివచ్చినపుడు ఇవి క్రొత్తగా కొన్నవి కావని చెప్పుటకు అదియే సాక్ష్యము.

ఇంటి అద్దెకు ఇంగ్లండులో సాధారణముగా ఐదు వారముల అద్దెకు మించి పూచీసొమ్ము అడుగరాదని 2019లో చట్టము వచ్చినది. ఆ సొమ్మును ఇంటి యజమాని ముప్పది దినములలో నియమిత సంస్థలో భద్రపఱచవలెను. మనవారు మొగమాటముచే రసీదు అడుగరు. అడుగవలెను.

ఇక ఆ అమ్మాయికి నేను రెండుమాఱులు చెప్పిన విషయము. ఇదివఱకు వీసా అనునది చేతిలో పట్టుకొను అట్టముక్క. 2024 తుదితో ఆ కార్డుల కాలము తీరినది. ఇప్పుడు ఎవరి వీసా వారి పేర కంప్యూటరు ఖాతాలో నుండును. ఆ ఖాతా తెఱచుటకు ఒక ఈమెయిలు, ఒక ఫోను సంఖ్య కావలెను. అనేక కుటుంబములలో భర్త తన ఈమెయిలే భార్యకును ఇచ్చుచున్నాడు. దురుద్దేశముతో కాదు, సులువని. కాని ఒకనాడు ఉద్యోగమునకో, అద్దె యింటికో, మరల దేశమునకు వచ్చుటకో తన హక్కును చూపవలసినప్పుడు ఆ తలుపు తాళము వేఱొకరి జేబులో నుండును. ఆ ఖాతా నీ ఈమెయిలుపై, నీ ఫోనుపై నుండవలెనని నేను గట్టిగా చెప్పితిని. పాస్‌పోర్టును నీ సంచిలోనే. బ్యాంకు ఖాతా నీ పేర నొకటి అచ్చట తెఱువుము. ఇచ్చటి నీ ఖాతాను ప్రవాసుల ఖాతాగా మార్పించుము, మూసివేయకుము.

ఆపద వచ్చుననియా ఇదంతయు? ఆపద వచ్చినచో అచ్చట 999 అను సంఖ్యకు ఫోను చేయవలెను; లండనున ఆల్డ్‌విచ్ వీధిలో మన హైకమిషను కలదు; ప్రవాస భర్తల వలన బాధపడు స్త్రీలకై జాతీయ మహిళా కమిషనులో 2009 నుండి ఒక ప్రత్యేక విభాగము కలదు. ఇవి తెలిసియుండవలెను. అయినను నా ముఖ్యమైన చింత అది కాదు. ఉద్యోగ వీసాపై నున్న భర్తతో పోయిన భార్య బ్రిటనులో తానును ఉద్యోగము చేయవచ్చును. అమెరికాలో హెచ్-4 వీసాపై పోయిన ఇల్లాలికి ఆ వీలు 2015 నుండియే, అదియు భర్త స్థిరనివాసపు దరఖాస్తు ఒక మెట్టు ఎక్కిన తరువాతనే. అనగా ఈ అమ్మాయికి తలుపు తెఱచియున్నది. ఇచ్చటి పనిచేసిన చోటు నుండి అనుభవ పత్రము, విశ్వవిద్యాలయమునుండి మార్కుల సమగ్ర పత్రము తీసికొనకుండ పోయినచో ఆ తలుపు ముందు ఏడాది నిలుచుండవలెను. ఆ ఏడాదిలో నాలుగు గంటల చీకటి నిజముగనే చీకటియగును.

దాది పనికి, వృద్ధుల సేవకు వీసా యిప్పింతుమని సొమ్మడుగువారు మన బస్తీలలో ఇంకను తిరుగుచున్నారు. సేవకుల నియామకమునకై విదేశములనుండి క్రొత్తవారిని రప్పించుటను బ్రిటను ప్రభుత్వము 2025 జులై 22న నిలిపివేసినది. అట్టి వారికి రూపాయి ఇయ్యకుడు.

వదినగారు ఈ సంభాషణ విని మొదట కినిసిరి. “మేమెప్పుడైన కోడలి కాగితములు దాచితిమా?” అనిరి. దాచలేదు, జాగ్రత్త చేసితిరి, అంతియే, అంటిని. మఱునాడు ఆమెయే బీరువా తెఱచి పాస్‌పోర్టును కోడలి చేతికిచ్చిరి. నెయ్యి డబ్బా వంటయింటికి తిరిగి చేరినది.

నిన్న సాయంకాలము మెట్రో దిగి ఇంటికి పోవుచు ఆ అమ్మాయి మా గుమ్మమున నిలిచి, పుట్టింటినుండి తెప్పించిన పదవ తరగతి పత్రము చూపినది. ఇంటిపేరులో ఒక అక్షరము తేడా యున్నది. చదివిన బడికి పోయి అడుగుటకు సోమవారము సెలవు పెట్టినదట. విమానపు టిక్కెట్టు ఇంకను కొనలేదు.