పరిశోధన పెరిగింది, ప్రశ్న ఎవరిది?

కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ ఉన్నత విద్యాసంస్థల ర్యాంకులు ప్రకటించే రోజున రాజధానిలో కనిపించే హడావుడి చూడదగినది. 2016లో మొదలైన ఈ పట్టికలో మేనేజిమెంటు విద్యాలయాలకిచ్చే నూరు మార్కులలో ముప్ఫై పరిశోధనకు, దానితో ముడిపడిన వృత్తి కార్యకలాపాలకు కేటాయించారు. అందువల్ల ఆ విద్యాలయాల వార్షిక నివేదికలలో రెండు అధ్యాయాలు లావెక్కుతున్నవి: ఒకటి ప్రచురించిన వ్యాసాల జాబితా, రెండవది విదేశీ విశ్వవిద్యాలయాలతో కుదుర్చుకొన్న ఒప్పందాల జాబితా.

ఇది హర్షింపదగిన పరిణామమే. మన మేనేజిమెంటు అధ్యాపకులు పాఠాలు చెప్పడం, కంపెనీలకు సలహాలివ్వడం తప్ప పరిశోధన జోలికి అంతగా పోరన్న పాత విమర్శలో నిజం లేకపోలేదు. ఐ.ఐ.ఎం.లకు డిగ్రీలిచ్చే అధికారమే 2017 నాటి చట్టంతో గాని రాలేదు. కనుక వ్యాసాల సంఖ్య పెరగడాన్ని ఆక్షేపించడం ఈ లేఖ ఉద్దేశం కాదు. ఆ వ్యాసాలలోని ప్రశ్న ఎక్కడ పుట్టిందన్నదే విచారణీయాంశం.

లండన్ నుంచి వెలువడే 'ఫైనాన్షియల్ టైమ్స్' పత్రిక తన ర్యాంకుల కోసం 50 పరిశోధన పత్రికలతో ఒక జాబితా పెట్టుకొన్నది. అందులో అత్యధిక భాగం అమెరికా, బ్రిటన్ దేశాలవే. మన అధ్యాపకుని పదోన్నతికి ఆ జాబితా రాచబాట అయింది. ఆ సంపాదకులు అడిగేది సిద్ధాంతానికి ఏమి కలిసివచ్చిందని. సూరతులోని మరమగ్గం యజమాని అప్పు ఎలా పుట్టించుకొంటున్నాడన్నది వారి బెంగ కాదు, కానక్కరలేదు కూడా. ఫలితంగా ఉమ్మడి పరిశోధనలలో తరచు సిద్ధాంతం అక్కడిది, గణాంకాలు ఇక్కడివి అవుతున్నవి. ముడి పత్తిని ఓడకెక్కించి మాంచెస్టరు బట్ట కొనుక్కొన్న దేశానికి ఈ బేరం కొత్త కాదు.

పైమెట్టు సంగతి ఇది. కిందిమెట్టున, పదోన్నతికి వ్యాసం కావాలన్న నిబంధన ఒక వ్యాపారాన్నే సృష్టించింది. తాను ఆమోదించిన జాబితా నుంచే 4,305 పత్రికలను 2018లో యు.జి.సి. తొలగించవలసి వచ్చింది. వాటికి బదులు 2019లో తెచ్చిన 'కేర్' జాబితాను 2025లో అదే సంస్థ విరమించుకొన్నది.

విదేశీ భాగస్వామ్యాలు నిన్న మొన్నటివి కావు. 1955లో కరాచీలోని వాణిజ్య విద్యాలయానికి వార్టన్, 1961లో స్థాపితమైన కలకత్తా, అహ్మదాబాదు సంస్థలకు వరుసగా ఎం.ఐ.టి., హార్వర్డు, 1966లో ఢాకా విశ్వవిద్యాలయపు విద్యాలయానికి ఇండియానా విశ్వవిద్యాలయం అండగా నిలిచాయి. 2001లో హైదరాబాదులో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వెలసినప్పుడూ వార్టన్, కెలాగ్, లండన్ విద్యాలయాలే తోడు. ఆ సాయం విలువను తక్కువ చేయనక్కరలేదు. కాని ఇంతకాలం గడిచినా ఉపఖండపు విద్యాలయాలు సముద్రం ఆవలికి చూసినంతగా ఒకదానివంక ఒకటి చూసుకోలేదు.

ఢాకాలోను, తిరుప్పూరులోను కుట్టిన దుస్తులు ఒకే అమెరికన్ దుకాణంలో పక్కపక్కన వేలాడుతున్నవి. ఒకరి ధర చూపి మరొకరి ధర తగ్గించే కొనుగోలుదారు గురించి రెండు దేశాల అధ్యాపకులూ కలిసి కూర్చుని పరిశోధించవలసిన అవసరం లేదా? సార్క్ దేశాలు ఉమ్మడిగా నెలకొల్పిన దక్షిణాసియా విశ్వవిద్యాలయం 2010 నుంచి ఈ ఢిల్లీ నగరంలోనే నడుస్తున్నది. అటువంటి పనికి అంతకన్న తగిన చోటు లేదు. అయితే 2014 నాటి ఖాట్మండు సమావేశం తరువాత సార్క్ అధినేతలే ఒకచోట కూడలేదు, అధ్యాపకులను ఏమనగలం?

ఇంట్లో పుట్టిన ప్రశ్నకు మన దగ్గర ఉదాహరణ లేకపోలేదు. అహ్మదాబాదు ఐ.ఐ.ఎం.కు తొలి పూర్తికాలపు డైరెక్టరు రవి మథాయ్. 1972లో తనంతట తానే ఆ పదవి వదలి అక్కడే ఆచార్యుడుగా కొనసాగారు. 1975లో సహచరులతో కలిసి రాజస్థాన్‌లోని అజ్మీరు జిల్లా జవాజాకు వెళ్లారు. వనరులేమీ లేవనుకొన్న ఆ కరవు ప్రాంతంలో నేతగాళ్లు, తోలుపనివారు ఉన్నారు. తమ సరుకు తామే తయారుచేసి, తామే అమ్ముకొని, తామే లెక్క చూసుకొనేదాకా వారితో కలిసి నేర్చుకోవడమే ఆ ప్రయోగం. మథాయ్ 1984లో కన్నుమూశారు. ఆ అనుభవాల గ్రంథం మరుసటి ఏడు వెలువడింది. వ్యాసాల సంఖ్యను, ఉటంకింపుల సంఖ్యను కొలిచే నేటి తూనికలో అటువంటి దశాబ్దపు పనికి దక్కే మార్కులు బహు స్వల్పం. పోచంపల్లిలోనో, మంగళగిరిలోనో మగ్గాల నడుమ నాలుగేళ్లు గడపదలచిన యువ అధ్యాపకుడు ఈ లెక్క తెలిసి వెనుకంజ వేస్తే తప్పు అతనిది కాదు.

పరిశోధన మార్కులలో కొంత భాగాన్ని స్థానిక పరిశ్రమలపై దీర్ఘకాలం సాగే క్షేత్ర పరిశోధనకు, మరికొంత భాగాన్ని పొరుగు దేశాల విద్యాలయాలతో చేసే ఉమ్మడి కృషికి విద్యా మంత్రిత్వ శాఖ ప్రత్యేకించాలి. ఇందుకు పార్లమెంటులో బిల్లు అక్కరలేదు, ఆర్థిక శాఖ అనుమతి అక్కరలేదు. ర్యాంకుల నిబంధనలను రూపొందించే అధికారులు ఒక పట్టికను సవరిస్తే చాలు.