చిత్రలేఖనపు గంటను గూర్చి

చిత్రలేఖనము కొందఱికి మాత్రమే పుట్టుకతో వచ్చు విద్య యనియు, తక్కినవారికి కాలక్షేప మనియు తలిదండ్రులు పలుకుట మేము తఱచుగా వినుచున్నాము. పరీక్షలు సమీపింపగానే కాలపట్టికలో మొట్టమొదట తెగునది ఈ గంటయే. దానిని గణితమున కిచ్చిన మేలని వారి తలంపు. మే మందుల కంగీకరింపజాలము.

బిడ్డకు అక్షరాభ్యాసము చేయించు తండ్రి, వ్రాత వీనికి పుట్టుకతో రాలేదే యని చింతింపడు. పలకపై దిద్దించును, వంకర వచ్చిన మరల దిద్దించును. గీతయు నట్టిదే. స్విట్జర్లాండు దేశీయుడగు పెస్టలోజీ 1801లో ప్రకటించిన గ్రంథమున, వ్రాతకంటె ముందు గీతయే నేర్పవలెనని వాదించెను. లండనులో శ్రామికుల కళాశాలయందు పనివాండ్రకు చిత్రలేఖనము బోధించిన రస్కిన్ 1857లో తన పాఠములను గ్రంథముగా వెలువరించెను. అందలి మొదటి యభ్యాస మేమి? ఒక చిన్న చతురస్రమును కలముతో గీచి, మచ్చలు పడకుండ సన్నని గీతలపై గీతలు వేయుచు సమముగా నింపుట. ఆ పిదప దారిలో దొరకిన గుండ్రని రాతిని చూచి గీయుట. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు గారు 1925లో, 28 ఏండ్లు నిండకమునుపే గతించిరి. వారు పుట్టుకతోనే ప్రజ్ఞ గలవారు, నిజమే. అయినను వర్ణచిత్రములతోపాటు వారు విడిచిపోయిన పెన్సిలు గీతలెన్ని!

మన యిండ్లలో ఆడుబిడ్డలు చుక్కలు సమదూరమున పెట్టి, వాని చుట్టు మెలికను త్రిప్పి బయలుదేరిన చోటికే తెచ్చుదురు. అంతకు మించిన రేఖాభ్యాసము మే మెఱుగము. మా క్రైస్తవ కుటుంబములలో కొందఱు ముగ్గును మానిరి. ఆచారమును మానినను ఆ చేతినేర్పును మాన నక్కఱలేదు.

పాఠశాలలో మేము చేయించునది స్వల్పము. పలకపై జానెడు దూరమున రెండు చుక్కలు పెట్టి, కొలబద్ద లేకుండ ఒక్క యూపున కలుపవలెను. చూపు బలపపు మొనపై గాక చేరవలసిన చుక్కపై నుండవలెను. వ్రేళ్లు గాక మోచేయి కదలవలెను. అడ్డగీతలు, నిలువుగీతలు, ఏటవాలు గీతలు, పిదప సున్నలు. తప్పిన గీతను చెఱుపనీయము. దాని ప్రక్కనే సరియైనదానిని గీయవలెను, రెంటికి గల భేదము కన్నులకు కనబడునట్లు.

గీత కుదురుట సగము పనియే. బాలుని యెదుట చెంబు నుంచుడు. మూతి గుండ్రనిదని వానికి తెలియును గనుక పూర్ణమైన సున్న చుట్టును; అడుగు నేలపై ఆనియున్నదని తెలియును గనుక తిన్నని గీత గీయును. వాడు గీచినది తనకు తెలిసిన చెంబు, కనబడు చెంబు కాదు. క్రిందికి చూచినపుడు మూతి కోలగా కనబడుననియు, అడుగు అంతకంటె నించుక గుండ్రముగా వంగుననియు కన్నులతో కనిపెట్టిననాడు వాని మొగము చూడవలెను!

ప్రకృతిశాస్త్రమున నీ లోపము మఱింత హానికరము. పుస్తకములోని మందార పటమును ముప్పదిసార్లు దిద్ది మార్కులు తెచ్చుకొనువారు కలరు. ఒక తరగతిలో పుస్తకములు మూయించి బల్లపై మందారములే పెట్టితిమి. పెక్కుమంది పువ్వువంక చూడకయే గీయసాగిరి. ఆపి, లెక్కింపుడంటిమి. అప్పుడు నడిమి గొట్టము ప్రక్కల నంటుకొనిన పుప్పొడి తిత్తులును, కొనను చీలిన యైదు కీలాగ్రములును, రక్షకపత్రముల క్రింద మఱియొక వరుస చిన్న యాకులును బయటపడెను. ఆ క్రింది వరుసను అంతకుముందు చూచినవారొక్కరును లేరు. పొలములోని పువ్వులను ఆలోచించి చూడుమని ప్రభువు శిష్యులకు చెప్పినది ఊరక కాదు.

ఈ గంటను తీసివేయుమని కోరదలచిన తలిదండ్రులు, దయచేసి ముందుగా ఒక సాయంకాలము బిడ్డను కూర్చుండబెట్టి, ఇంటి చెంబును చూచి గీయుమని యడుగవలెను. తామును ప్రక్కన నొక పలక పట్టుకొని గీచిన మఱియు మంచిది.