ఖాళీ కొండలు కావవి

యాత్రాకథనాలు రాసే మనవాళ్ళకు ఒక జాడ్యం ఉంది. యూరప్‌లో ఏ పాత ఊరికి వెళ్ళినా "ఇక్కడ కాలం ఆగిపోయింది" అని రాయకుండా ఉండలేరు. స్పెయిన్ కొండల్లో సైకిలు తొక్కి వచ్చినవారి విషయంలో ఈ జాడ్యం మరీ ముదిరింది. నలభై కిలోమీటర్లు తొక్కినా ఒక్క కారూ ఎదురు కాలేదట. రాతి ఇళ్ళు, గంటగోపురం, ఊరి నడుమ నీటిధార, నిర్మానుష్యమైన వీధి, వెరసి స్వర్గమట. ఆ వీధి నిర్మానుష్యం ఎందుకైందన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు. ఆ కొండదారుల్లో నేనూ సైకిలు తొక్కాను. వాటి అందాన్ని నేను కాదనడం లేదు. ఆ అందానికి మనం పెడుతున్న పేరుతోనే నాకు పేచీ.

చూడనివారి కోసం ముందు ఆ సీమ గురించి రెండు మాటలు. తూర్పు స్పెయిన్‌లో తెరుయెల్ అనే చిన్న పట్టణం ఉంది. దానికి పడమరగా అల్బర్రసీన్ కొండలు, వాటికి ఆవల కుయెంకా, గ్వాదలహారా జిల్లాల అడవులు. పోర్చుగల్ దాకా పారే తాహో నది పుట్టేది ఇక్కడే. ఎర్రని ఇసుకరాతి గుట్టల మీద పైన్ చెట్లు, ఎండ పడితే వాటి బంక వాసన. చుట్టూ నది వంపు తిరిగిన కొండ మీద అల్బర్రసీన్ ఊరు; పదకొండో శతాబ్దంలో ఏలిన బను రజీన్ అనే బెర్బర్ వంశం నుంచి వచ్చింది ఆ పేరు. ఇంకా పైకి ఎక్కితే సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున గ్రియేగోస్ అనే పల్లె. తెరుయెల్‌లో బయల్దేరి, ఈ అడవులన్నీ చుట్టి, తిరిగి తెరుయెల్ చేరే సుమారు 700 కిలోమీటర్ల సైకిలు దారి ఒకటి ప్రసిద్ధికెక్కింది. దాని పేరు "మోంతాన్యాస్ వాసీయాస్", అనగా ఖాళీ కొండలు. జనం లేని ఆ సీమ వైపు లోకం చూపు తిప్పడానికే ఆ పేరు పెట్టారు. వచ్చేవాళ్ళు దాన్ని శుభలేఖలా చదువుకుంటున్నారు.

ఎంత ఖాళీ? తెరుయెల్ జిల్లా విస్తీర్ణం 14,800 చదరపు కిలోమీటర్ల పైమాటే. అందులో ఉండేది సుమారు లక్షా ముప్పై అయిదు వేల మంది. చదరపు కిలోమీటరుకు తొమ్మిదిమంది. 2011 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఈ సంఖ్య 308.

ఇక అసలు విషయానికి వస్తాను. 2016లో సెర్హియో దెల్ మోలీనో అనే రచయిత "లా ఎస్పాన్యా వాసీయా" అనే పుస్తకం రాశాడు. ఖాళీ స్పెయిన్ అని అర్థం. పుస్తకం బాగా చదివారు, మాట జనంలోకి పాకింది. అయితే ఆ పల్లెలవాళ్ళకు ఆ మాట సరిపోలేదు. "వాసీయా" కాదు, "వాసియాదా" అనండన్నారు. 2019 మార్చి 31న వేలాదిగా మాద్రిద్ వీధుల్లోకి వచ్చింది ఆ రెండో మాట పట్టుకునే. రెంటికీ ఒక్క అక్షరమే తేడా. వాసీయా అంటే ఖాళీగా ఉన్నది. వాసియాదా అంటే ఖాళీ చేయబడినది. మొదటిది ఉత్త విశేషణం, రెండోది క్రియాజన్య విశేషణం. క్రియ ఉన్నచోట కర్త ఉండి తీరాలి. ఖాళీ చేసింది ఎవరని అడగడానికి మొదటి మాటలో చోటే లేదు. రెండో మాట వింటే ఆ ప్రశ్న అడగక తప్పదు. పల్లెటూరి రైతులు ఇంత పట్టుగా వ్యాకరణం కోసం ఊరేగింపు తీయడం నేను మరెక్కడా వినలేదు.

ఆ కర్తను వెతుకుదాం. 1959లో ఫ్రాంకో ప్రభుత్వం ఆర్థిక స్థిరీకరణ ప్రణాళిక తెచ్చింది. తరువాతి పదిహేనేళ్ళలో కర్మాగారాలూ పెట్టుబడులూ మాద్రిద్, బార్సిలోనా, బిల్బావో చుట్టూ పోగుపడ్డాయి. కొండపల్లెల యువత ఆ దారి పట్టింది. ఉన్నవాళ్ళు తగ్గారు గనుక బడి మూశారు. బడి లేదు గనుక పిల్లలున్నవాళ్ళు వెళ్ళారు. వాళ్ళూ వెళ్ళారు గనుక బస్సు తగ్గించారు. కొన్నిచోట్ల ఇంత నెమ్మది కూడా లేదు. ఉత్తరాన లెయోన్ జిల్లాలో వేగమియాన్ అనే ఊరు 1968లో పోర్మా జలాశయం కింద మునిగిపోయింది. ఆ ఊళ్ళో పుట్టిన హూలియో యమసారెస్ పెద్దయ్యాక, పిరెనీ కొండల్లో ఖాళీ అయిన ఒక పల్లెలో మిగిలిన చివరి మనిషి గురించి నవల రాశాడు (1988). ఆ ఆనకట్ట కట్టిన ఇంజనీరు హువాన్ బెనెత్ కూడా పేరున్న నవలాకారుడే. ఇవాళ ఆ జలాశయానికి ఉన్నది ఇంజనీరు పేరు.

సైకిలువాళ్ళం ఇందులో బయటివాళ్ళం కాము. మనం మెచ్చుకునే మెత్తని దారులు ఎక్కడివి? తెరుయెల్ జిల్లాలో ఓహోస్ నేగ్రోస్ అని ఇనుపగనుల ఊరు. అక్కణ్ణుంచి మధ్యధరా తీరంలోని సగుంతో దాకా ఖనిజం మోయడానికి వేసిన రైలుమార్గం 1972లో మూతపడింది. 1984లో సగుంతోలో కొలుములు ఆరాయి, 1987లో గనులు మూశారు. పట్టాలు పీకేసిన ఆ కట్ట మీద ఇప్పుడు సుమారు 160 కిలోమీటర్ల సైకిలు దారి. మోకాళ్ళకు శ్రమ లేని వాలు, సొరంగాలు, వంతెనలు. నేను హాయిగా తొక్కాను. ఆ హాయి ఇంజను లాగలేని ఎత్తు ఉండకూడదని ఒకప్పుడు కొలిచి వేసిన వాలుది. కొండల మీది వెడల్పాటి పచ్చికబాటలూ అంతే. 1273లో పదో అల్ఫోన్సో గుర్తించిన గొర్రెలకాపరుల సంఘం, మేస్తా, ఆరువందల ఏళ్ళకు దగ్గరగా మందలను నడిపిన బాటలవి. వాటిలో పెద్దవి సుమారు 75 మీటర్ల వెడల్పు. గ్వాదలవియార్ ఊళ్ళో ఈ వలసలకు ఒక ప్రదర్శనశాల ఉంది. అక్కడి కాపరులు కొందరు నేటికీ చలికాలం ముందు మందలతో దక్షిణానికి నడిచిపోతారు. "మనిషి జాడ లేని దారి" అని మనం మురిసిపోయే ప్రతి దారినీ ఎవరో ఒకరు పని కోసం వేశారు.

దీనికి మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి.

ఒకటి: వాళ్ళు తమ ఇష్టంతో వెళ్ళారు, పట్నంలో సుఖపడ్డారు, మీకెందుకు దిగులు? సుఖపడినవాళ్ళు సుఖపడ్డారు, కాదనను. ఉద్యోగమూ ఆసుపత్రీ ఒకేవైపు ఉంచి "నీ ఇష్టం" అంటే దాన్ని ఇష్టమంటారా? పైగా ఉండాలనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. "తెరుయెల్ ఉంది" అనే పేరుతో 1999లో ఒక ఉద్యమం పుట్టింది. తాము ఉన్నామని పేరులోనే చెప్పుకోవలసి వచ్చిందంటే స్థితి గ్రహించండి. 2019 నవంబరులో ఆ ఉద్యమం పార్లమెంటు దిగువసభలో ఒక స్థానం గెలిచింది. 2020 జనవరిలో ప్రభుత్వం 167–165 తేడాతో నిలబడినప్పుడు ఆ ఒక్క ఓటూ లెక్కలోకి వచ్చింది. ఈ పల్లెల ఉద్యమాలు అడుగుతున్నది సెకనుకు 100 మెగాబిట్ల ఇంటర్నెట్టు, అవసరమైన సేవలు 30 నిమిషాల దూరంలో, పెద్ద రహదారి 30 కిలోమీటర్లలోపు. ఇది గతం మీద మోజు అంటే నేను ఒప్పుకోను.

రెండు: మనుషులు పోతే అడవి బాగుపడింది కదా? ఇది గట్టి వాదమే. రాబందులు ఆ కొండల మీద గుంపులుగా తిరగడం నేనూ చూశాను. కాని ఆ అడవి మనిషితో కలిసి పెరిగింది. మన నల్లమలలో చెంచులు తపసి బంక తీసినట్టే అక్కడివాళ్ళు పైన్ బంక తీసేవారు, కట్టెలు కొట్టేవారు, గొర్రెలను మేపేవారు. కింద పొదలు పేరుకోకుండా ఉండేవి. ఆ వృత్తులు సన్నగిల్లాక అడవి కింద ఎండుపొద మిగిలింది. 2005 జులైలో గ్వాదలహారా జిల్లాలోని రీబా దె సాయెలీసెస్ దగ్గర విహారానికి వచ్చినవాళ్ళు మాంసం కాల్చుకున్న నిప్పు అంటుకుని సుమారు 13,000 హెక్టార్లు కాలిపోయింది. ఆర్పడానికి వెళ్ళినవారిలో పదకొండుమంది చనిపోయారు. ఖాళీ కొండ అనుకుని వచ్చినవాడి సరదాకు, ఆ సీమను కాపాడబోయినవాళ్ళు బలయ్యారు. అడవి తన పాటికి తానే బాగుంటుందని ఆ తరువాత కూడా అనేవారికి నేను చెప్పగలిగింది లేదు.

మూడు: సైకిలు యాత్ర సరదా కోసం, దానికి ఇంత బరువెందుకు? సరదా మానమనడం లేదు. సైకిలు సంచీలో నాలుగు రోజుల తిండి పెద్ద పట్నంలోనే కొని నింపుకుని, అడవిలో గుడారం వేసుకుని, ఊళ్ళో నీళ్ళు మాత్రం పట్టుకుని పోవడం ఘనకార్యంగా రాసేవాళ్ళను చూసి నాకు మండుతుంది. కొట్టు మూతపడిన ఊళ్ళకు రొట్టెల బండి హారను కొట్టుకుంటూ వస్తుంది. ఊరి పంచాయతీయే చోటిచ్చి నడిపించుకునే హోటలు ఒకటి ఉంటుంది. అక్కడ కూర్చుని తినండి, ఆ ఊళ్ళోనే పడుకోండి. అలాంటి ఒకచోట కాఫీ ఇచ్చినావిడను, చలికాలంలో ఊళ్ళో ఎందరుంటారని అడిగాను. ఆవిడ సంఖ్య చెప్పలేదు. ఇంటింటి పేరూ వరుసగా చెబుతూ వేళ్ళు మడిచింది. రెండు చేతుల వేళ్ళు రెండోసారి పూర్తికాలేదు. ఆ ఊరిని ఖాళీ అనడానికి అప్పటినుంచీ నాకు నోరు రాదు.

ఇది స్పెయిన్ గొడవ, మనకెందుకని కొందరు అనవచ్చు. శ్రీశైలం వెళ్ళివచ్చి "మానవ సంచారం లేని కీకారణ్యం" అని రాసేది మనమే. అక్కడ చెంచులున్నారు. జలాశయపు సంధ్యాకాంతిని వర్ణించేదీ మనమే. ఆ నీటి కింద ఊళ్ళున్నాయి. దూరదేశంలో నేర్చిన మాట ఇంటికి వచ్చాకా నోట్లో ఉంటుంది.

కాబట్టి స్పెయిన్ కొండలు ఎక్కండి, రాయండి. అల్బర్రసీన్ మలుపు తిరగగానే కనిపించే కోటగోడను వర్ణించండి. "ఖాళీ" అని రాయబోయే ముందు మాత్రం ఆ క్రియకు కర్త ఎవరో కనుక్కుని, ఆ పేరు కూడా రాయండి. నాతో విభేదించేవారు వాదానికి రావచ్చు. వాళ్ళూ అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.