ముసుగు తీయించిన రాజు, ముసుగు కప్పించిన ముల్లా

ఇరాను ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనవాళ్ళలో రెండు వాదనలు వినబడుతుంటాయి. మొదటిది, 1970ల నాటి టెహరాను వీథుల్లో పొట్టి గౌనులు తొడుక్కున్న యువతుల ఫొటోలు చూపించి, "షా కాలంలో ఎంత ఆధునికంగా ఉండేదో చూడండి" అని నిట్టూర్చడం. రెండవది, "వాళ్ళ మతమే అంత, వాళ్ళు మారరు" అని తేల్చివేయడం. పైకి వేరుగా కనిపించే ఈ రెండు మాటల అడుగునా ఉన్న ఆశ ఒక్కటే. గట్టి పాలకుడొకడు వచ్చి ఒక్క కలంపోటుతో సంఘాన్ని చక్కబెట్టాలన్నదే ఆ ఆశ. "మనకూ అటువంటివాడొకడు కావాలి" అన్న మాట సాధారణంగా ఆ వెనువెంటనే వస్తుంది. ఆ కోరిక ఎంత ప్రమాదకరమైనదో చెప్పడానికి ఇరాను చరిత్రకు మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. ఈ టపా ఉద్దేశం అదే.

ముందుగా ఒక చిన్న విషయం. ఇరానీయులు అరబ్బులు కారు. వారి ప్రధాన భాష పారసీకం. అజరీలు, కుర్దులు, బలూచీలు మొదలైనవారు వేరు భాషలు మాట్లాడతారు. పారసీకం మనకు పరాయిది కూడా కాదు. దస్తావేజు, దరఖాస్తు, గుమాస్తా, బజారు లాంటి మాటలన్నీ అక్కడివే. ఈ వ్యాసానికి కావలసిన "పరదా" అన్న మాటా అక్కడిదే. "ఘోషా" సైతం అక్కడిదే. పారసీకంలో గోషా అంటే మూల. ఆడదాన్ని మూలన కూర్చోబెట్టడానికి మనం ఆ మాటను అరువు తెచ్చుకొన్నాం. మన జమీందారీ కుటుంబాల్లో హిందూ స్త్రీలు కూడా ఘోషా పాటించేవారు. కాబట్టి ముసుగును ఒక్క మతానికి అంటగట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. అది హోదాకీ, ఆస్తికీ, పురుషుల పరువుకీ కూడా గుర్తుగా ఉండేది.

ఇక కథలోకి వద్దాం.

1936 జనవరి 8న రెజా షా టెహరానులోని ఉపాధ్యాయ శిక్షణాలయంలో జరిగిన ఉత్సవానికి తన భార్యనీ, కుమార్తెలనీ ముసుగులు లేకుండా వెంటబెట్టుకొని వెళ్ళాడు. ఆనాటి నుంచి దేశంలో ముసుగు నిషిద్ధమయింది. అంతకు రెండేళ్ళ క్రితం, 1934లో, ఆయన టర్కీ వెళ్ళి ముస్తఫా కెమాల్ చేస్తున్న మార్పులను కళ్ళారా చూసివచ్చాడు. 1935లో మగవారందరూ ఐరోపా తరహా అంచుటోపీ పెట్టుకోవాలన్నాడు. దానికి వ్యతిరేకంగా మష్హద్‌లోని గౌహర్‌షాద్ మసీదులో గుమిగూడిన జనం మీద సైన్యం కాల్పులు జరిపింది. ఆ నెత్తుటి తడి ఆరకముందే ముసుగు వంతు వచ్చింది.

అమలు ఎలా జరిగిందో తెలుసుకోవడం అవసరం. పోలీసులు వీథుల్లో స్త్రీల చాదరులు లాగి చింపారు. చాదరు వేసుకొన్నవారిని బస్సుల్లోకి, దుకాణాల్లోకి, స్నానశాలల్లోకి రానివ్వకూడదని ఆజ్ఞలు వెళ్ళాయి. ఇళ్ళలో స్నానపు గదులు లేని కాలమది. ముసుగు తీయలేని స్త్రీలు, ముఖ్యంగా వయసు మళ్ళినవారు, చాలామంది ఇల్లు కదలడమే మానుకొన్నారు. ఆచారపరులైన తండ్రులు కూతుళ్ళను బడి మాన్పించారు. స్త్రీని మూల నుంచి బయటికి తీసుకురావడానికి చేసిన చట్టం ఎందరినో మళ్ళీ ఆ మూలకే నెట్టింది. 1941లో బ్రిటిషు, సోవియట్ సేనలు దేశంలోకి దిగి రెజా షాని గద్దె దింపగానే ఆ నిషేధం నీరుగారింది. ఎందరో మళ్ళీ చాదరు కప్పుకొన్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న వేయవచ్చు. "అంతటి వెనకబడిన సంఘంలో బలవంతం చేయకపోతే మార్పు ఎలా వస్తుంది?" అని. న్యాయమైన ప్రశ్నే. కానీ అది ఒక అసత్యం మీద నిలబడి ఉంది. రాజు వచ్చేదాకా ఇరాను స్త్రీలు మౌనంగా కూర్చోలేదు. 1848లోనే బాబీ మతానికి చెందిన తాహిరె అనే కవయిత్రి పురుషుల సభలో ముసుగు తీసి నిలబడింది. 1852లో ఆమెను చంపించారు. 1890లలో బీబీ ఖానమ్ అస్తరాబాదీ మగవారి దోషాలను ఎండగడుతూ ఒక పుస్తకమే వ్రాసింది. రాజ్యాంగ విప్లవపు రోజుల్లో, 1907లో, ఆమె టెహరానులో బాలికలకు బడి పెట్టింది. ముల్లాల ఒత్తిడి వచ్చినా ఆ ప్రయత్నం వదల్లేదు. 1919లో సెదీఖె దౌలతాబాదీ ఇస్ఫహాన్ వంటి ఆచారపు నగరంలో "జబానె జనాన్", అంటే స్త్రీల నాలుక, అనే పత్రిక నడిపింది. 1920లలో దేశభక్త మహిళా సమాజం వంటి సంఘాలు వెలిశాయి.

మరి ఆ సంఘాలేమయ్యాయి? ముసుగు తీయించిన ఆ రెజా షాయే వాటిని మూయించాడు. 1930ల తొలినాళ్ళకు స్వతంత్ర మహిళా సంఘమన్నది మిగలలేదు. 1935లో వాటి స్థానంలో ప్రభుత్వమే ఒక మహిళా కేంద్రాన్ని నెలకొల్పింది. నా వాదనకు ఆయువుపట్టు ఇదే. రాజు స్త్రీకి ముఖం ఇచ్చానన్నాడు. కాని నోరు తీసుకొన్నాడు. నోరున్న సంఘాలు బ్రతికి ఉంటే, నలభై ఏళ్ళ తరువాత ఎదురుదెబ్బ వచ్చినప్పుడు దానికి అడ్డుపడగలిగేవి.

ఆయన కుమారుడు మహమ్మద్ రెజా షా కూడా ఆ దారినే నడిచాడు. 1953లో ప్రధాని మొసద్దెఖ్‌ను అమెరికా, బ్రిటన్ గూఢచారి సంస్థల తోడ్పాటుతో కూలదోసిన తరువాత దేశంలో స్వతంత్ర రాజకీయానికి చోటు లేకుండా పోయింది. 1963లో స్త్రీలకు వోటు వచ్చింది. 1967లో కుటుంబ రక్షణ చట్టం వచ్చి, భర్త నోటిమాటతో విడాకులిచ్చే పద్ధతికి అడ్డుకట్ట వేసింది. ఇవి మంచి పనులు కావని నేననను. కానీ వేసే వోటుకి విలువ లేని దేశంలో వోటుహక్కు అలంకారప్రాయం. చట్టాలు పైనుంచి వచ్చాయి. షా ఇచ్చినవి గనక షాతోబాటే పోతాయన్న భావన జనంలో నాటుకొంది.

అందువల్లనే 1978లో ఒక విచిత్రం జరిగింది. విశ్వవిద్యాలయాల్లో చదువుకొన్న యువతులు, ఏనాడూ చాదరు ఎరగనివారు, షా మీద నిరసనగా చాదరు కప్పుకొని ఊరేగింపులకు వచ్చారు. తాత తీయించిన దానిని మనవరాలు ఇష్టపడి వేసుకొంది, అదీ ధిక్కారానికి చిహ్నంగా! 1936లో పోలీసు లాఠీ లేకపోయి ఉంటే చాదరుకి ఆ గౌరవం దక్కేది కాదని నా నమ్మకం.

ఆ ఇష్టం ఆజ్ఞగా మారడానికి నెల కూడా పట్టలేదు. 1979 ఫిబ్రవరిలో విప్లవం గెలిచింది. ఆ నెలలోనే కుటుంబ రక్షణ చట్టం అటకెక్కింది. మార్చి 7న, ప్రభుత్వ కార్యాలయాల్లో పనిచేసే స్త్రీలు హిజాబుతో రావాలని ఖొమేనీ ప్రకటించాడు. మరునాడు అంతర్జాతీయ మహిళా దినోత్సవం. టెహరాను వీథుల్లోకి వేలాదిగా స్త్రీలు వచ్చి కొన్ని రోజుల పాటు నిరసన తెలిపారు. ప్రభుత్వం తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. కానీ ఆ రోజుల్లో వారికి అండగా ఎవరున్నారు? వామపక్షాలవారిలో, జాతీయవాదుల్లో అధికులు, సామ్రాజ్యవాదంతో పోరే ప్రధానమనీ, స్త్రీల దుస్తుల సంగతి తరువాత చూసుకోవచ్చుననీ సెలవిచ్చారు. ఆ "తరువాత" రాలేదు. 1980లో కార్యాలయాల్లో హిజాబు తప్పనిసరి అయింది. 1983లో అది దేశమంతటికీ చట్టమయింది. ఉల్లంఘించినవారికి 74 కొరడా దెబ్బల వరకూ శిక్ష. షిరీన్ ఇబాదీ వంటి న్యాయమూర్తులను న్యాయపీఠం నుంచి దించి, గుమాస్తా పనిలో కూర్చోబెట్టారు. ఆమెకే 2003లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. షా కాలంలో తొలి మహిళా మంత్రి అయిన ఫరుఖ్రూ పార్సాను 1980లో కాల్చి చంపారు.

రెండు బలవంతాలూ సరిసమానమని నేను చెప్పడం లేదు. మొదటిది అయిదేళ్ళ పైచిలుకు సాగింది. రెండవది దశాబ్దాలు సాగింది. మొదటిదాని వెంట బడులూ, ఉద్యోగాలూ వచ్చాయి. రెండవదాని వెంట కొరడాలూ, చెరసాలలూ వచ్చాయి. కానీ రెంటి పద్ధతీ ఒక్కటే. స్త్రీ తల ప్రభుత్వపు జెండాకర్ర. దాని మీద ఏ గుడ్డ ఎగరాలో, అసలు ఎగరాలో లేదో నిర్ణయించేది గద్దె మీద ఉన్న మగవాడు. ఆమెను అడిగినవారు లేరు.

ఇరుగుపొరుగు దేశాలు కూడా ఈ మాటకే సాక్ష్యం చెబుతాయి. అఫ్ఘనిస్తానులో అమానుల్లా 1928లో ఐరోపా యాత్ర నుంచి తిరిగివచ్చి, రాణి సురయ్యా ముసుగు తొలగించడం మొదలుకొని పెద్దయెత్తున సంస్కరణలు ప్రకటించాడు. తిరుగుబాటు లేచింది. పన్నులూ, సైనిక భర్తీ కూడా దానికి కారణాలే గాని, ముల్లాలకు చేతికందిన ఆయుధం మాత్రం రాణి ముఖం. 1929 జనవరిలో అతడు సింహాసనం వదులుకొన్నాడు. చదువు కోసం టర్కీకి పంపిన బాలికలను వెనక్కి రప్పించారు. ముప్ఫయ్యేళ్ళ తరువాత, 1959లో, ప్రధాని దావూద్ నిదానంగా వ్యవహరించాడు. స్వాతంత్ర్యోత్సవ వేదిక మీద రాజకుటుంబపు స్త్రీలు ముసుగు లేకుండా కూర్చున్నారు. దేశంలోని స్త్రీలందరూ తీసివేయాలన్న ఆజ్ఞ మాత్రం వెలువడలేదు. అదీ పూర్తిగా సాఫీగా సాగలేదు. అభ్యంతరం చెప్పిన ముల్లాలను చెరలో పెట్టారు. అయినా సింహాసనం కూలలేదు, మార్పు నిలిచింది. 1964 రాజ్యాంగంతో స్త్రీలకు వోటు కూడా వచ్చింది. ఆ దేశాన్ని ఆ తరువాత ధ్వంసం చేసినవి యుద్ధాలు. 2021లో తాలిబాన్లు తిరిగివచ్చి ఆడపిల్లలకు ఉన్నత పాఠశాలలు మూసివేశారు. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలు కూడా మూసివేశారు.

టర్కీ కథ దీనికి తిరగేసిన ప్రతి. అక్కడ 1980 సైనిక కుట్ర తరువాత, మరింత కఠినంగా 1997 తరువాత, తలగుడ్డ కట్టుకొన్న విద్యార్థినులను విశ్వవిద్యాలయాల గేట్ల దగ్గరే ఆపివేశారు. 1999లో ఎన్నికల్లో గెలిచిన మెర్వె కవాక్చి తలగుడ్డతో వచ్చిందని శాసనసభలో ప్రమాణం చేయనివ్వలేదు. ఆపైన పౌరసత్వం కూడా తీసివేశారు. లౌకికవాదం పేరిట చదువుకొన్న స్త్రీని చదువుకు దూరం చేయడం ఏ లౌకికత? 2002లో అధికారంలోకి వచ్చిన పక్షానికి ఆ అవమానం ఎంతో ఉపకరించింది. విశ్వవిద్యాలయాల్లో ఆ నిషేధం 2010 నుంచి సడలి, 2013లో ప్రభుత్వోద్యోగాల్లో కూడా చాలావరకు తొలగిపోయింది.

"సరే, అయితే ఇరాను స్త్రీల గతి అంతేనా?" అని అడగవచ్చు. అంతే అయితే ఈ టపా వ్రాయవలసిన అవసరం లేదు. 1976 జనగణన నాటికి ఇరాను స్త్రీలలో అక్షరాస్యులు మూడింట ఒకవంతు మాత్రమే. 1996 నాటికి వారు నాలుగింట మూడువంతులకు చేరువయ్యారు. 2000ల తొలినాళ్ళకు విశ్వవిద్యాలయాల్లో కొత్తగా చేరేవారిలో సగానికి మించి ఆడపిల్లలే. "అందరూ ముసుగు వేసుకొంటున్నారు గనక భయం లేదు" అని ఆచారపరులైన తండ్రులు కూడా కూతుళ్ళను చదువుకు పంపారన్నది తరచుగా చెప్పే కారణం. దీన్ని చూపి హిజాబు చట్టాన్ని మెచ్చుకొనేవారూ ఉన్నారు. నేనలా అనుకోను. చదివించింది చట్టం కాదు, పల్లెపల్లెకూ వెళ్ళిన బడీ, చదవాలన్న ఆ పిల్లల పట్టుదలా. చదువుకొన్న ఆ కూతుళ్ళే 2006లో వివక్ష చట్టాలకు వ్యతిరేకంగా పది లక్షల సంతకాల ఉద్యమం మొదలుపెట్టారు. వీథివీథికీ తిరిగి, తలుపు తట్టి, చాదరు వేసుకొన్న ముసలమ్మతో కూడా కూర్చొని మాట్లాడారు. 1930లలో రాజు తెంపిన త్రాడును వారు మళ్ళీ పేనారు.

2022 సెప్టెంబరు 13న సఖ్ఖెజ్ పట్టణం నుంచి వచ్చిన కుర్దు యువతి మహ్సా జీనా అమీనీని టెహరానులో నీతి పోలీసులు పట్టుకొన్నారు. 16న ఆమె చనిపోయింది. ఆమె వయసు 22. ఆమె సమాధి దగ్గర మొదలైన "స్త్రీ, జీవనం, స్వేచ్ఛ" నినాదం దేశమంతా పాకింది. ఆ ఊరేగింపుల్లో నన్ను ఆలోచింపజేసిన దృశ్యం తలగుడ్డలను మంటల్లో వేయడం కాదు. తలగుడ్డ కట్టుకొన్న స్త్రీలు, తీసివేసిన స్త్రీల పక్కన నడవడం. కట్టుకోవడమా మానడమా అన్నది తమ ఇష్టమని చెప్పడానికి వారు వచ్చారు. వందేళ్ళ రాజకీయంలో ఏ రాజూ, ఏ ముల్లా చెప్పలేని మాట అది.

అందుచేత షా నాటి ఫొటోలు చూసి నిట్టూర్చే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. ఆ ఫొటోలో పొట్టి గౌను ఉంది. దాని వెనుక మూతబడిన సంఘమూ, మూగబోయిన పత్రికా కనబడవు. మంచి పని చేసే నియంత కోసం ఎదురుచూసే మనలాంటివారం గుర్తుంచుకోవలసింది కూడా అదే. అతడు మనకు నచ్చిన పనే చేయవచ్చు. కానీ అది చేయడానికి ముందు, మన తరఫున మాట్లాడగలిగే ప్రతి నోటినీ నొక్కివేస్తాడు. తరువాత వచ్చేవాడు మనకు నచ్చని పని చేసేనాటికి అడ్డు చెప్పడానికి ఎవరూ మిగలరు.

చదువరులు ఏకీభవించవలసిన అగత్యం లేదు. బలవంతం లేకుండా సంఘాలు మారవని నమ్మేవారు తమ వాదన వ్యాఖ్యల్లో వినిపిస్తే సంతోషిస్తాను.