నిర్జనం అన్నదెవరు?

అలాస్కా హైవే గురించి ఏ పుస్తకం తెరిచినా ఒకటే పాట. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేశాక అమెరికా సైన్యం పదివేల మందికి పైగా సైనికుల్ని దించింది. 1942 మార్చిలో మొదలుపెట్టి అక్టోబరు చివరికల్లా, కెనడాలోని డాసన్ క్రీక్ నుంచి అలాస్కాలోని డెల్టా జంక్షన్ దాకా, రెండువేల కిలోమీటర్లకు పైగా రోడ్డు వేసేసింది. నిర్జనారణ్యాన్ని 'జయించింది'.

ఆ క్రియాపదం దగ్గరే నాకు పేచీ. కన్యారణ్యం, చొచ్చుకుపోవడం, జయించడం - ఈ మాటలన్నీ ఒకే వాక్యంలోకి ఎందుకు వచ్చి చేరతాయో మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంతకీ నిర్జనం అన్నదెవరు? యూకాన్‌లో టాగిష్, ట్లింగిట్, టుచోనీ, కాస్కా ప్రజలు తరతరాలుగా ఉన్నారు. సర్వే వాళ్ళకి దారి చూపించిన వాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. రోడ్డుతోపాటు టెస్లిన్ గ్రామానికి ఒక్క ఏడాదిలో, 1942-43లో, తట్టు, కోరింత దగ్గు, గవదబిళ్ళలు, కామెర్లు, జిగట విరేచనాలు, మెనింజైటిస్ వరసగా వచ్చాయి. ఆ ఏడాది ఆ ఇళ్ళల్లో నీళ్ళు కాచిందెవరు? పిల్లల పక్కన రాత్రుళ్ళు మేలుకున్నదెవరు? ఎనిమిది నెలల్లో ముగిసిందని గొప్పగా లెక్క చెప్పే చరిత్రలో ఆ చాకిరీకి పద్దు లేదు.

రోడ్డేసిన వాళ్ళూ అంతా ఒకటి కాదు. మూడోవంతు మంది వేరుచేసిన రెజిమెంట్లలోని నల్లజాతి సైనికులు. వాళ్ళ పేరెత్తడానికే దశాబ్దాలు పట్టింది. ఆదివాసీ స్త్రీల వంతు ఇంకా వెనక.

రోడ్డు బయటి మగవాళ్ళని తెచ్చింది. అప్పటి కెనడా ఇండియన్ చట్టం ప్రకారం ఆదివాసీ స్త్రీ బయటివాణ్ణి పెళ్ళాడితే ఆమె చట్టం దృష్టిలో ఆదివాసీ కాకుండా పోయేది. ఆదివాసీ పురుషుడు తెల్లామెను చేసుకుంటే ఆమెకే ఆ హోదా దక్కేది! సాండ్రా లవ్‌లేస్ ఐక్యరాజ్య సమితి దాకా వెళ్ళి పోరాడి, 1981లో తనవైపు నిర్ణయం తెచ్చుకుంటేగానీ 1985లో ఆ చట్టం మారలేదు. సైన్యం ఎనిమిది నెలల్లో రోడ్డేసిన దేశానికి ఆ ఒక్క సెక్షన్ దిద్దడానికి ఇన్నేళ్ళు కావాల్సొచ్చింది.

ఇక మన సంగతి. ఆంత్రొపాలజిస్టు జూలీ క్రూక్‌షాంక్ యూకాన్ వృద్ధ స్త్రీల జీవితాలు రికార్డు చేయడానికి వెళ్ళినప్పుడు బంగారం వేట గురించీ, హైవే గురించీ చెబుతారని ఎదురుచూసింది. ఏంజెలా సిడ్నీ, కిట్టీ స్మిత్, ఆనీ నెడ్ మాత్రం పాత కథలు ఎత్తుకున్నారు. ముందు ఇవి రాసుకో అన్నారు. ఆమె ప్రశ్నలు పక్కన పెట్టి రాసుకుంది. 1990లో వాళ్ళ ముగ్గురితో కలిసి పుస్తకం వేసింది. 'రోడ్డు మీ జీవితాన్ని ఎలా మార్చింది?' అని సానుభూతితో అడిగినా ఆ వాక్యానికి కర్త రోడ్డే. మనం ఊళ్ళకి పోయి టేప్ రికార్డరు పెట్టి అడిగే ప్రశ్నలూ ఇలాంటివే కదా. నేనూ ఈ వ్యాసాన్ని రోడ్డుతోనే మొదలుపెట్టాను.

ఏంజెలా సిడ్నీ కొడుకు రెండో ప్రపంచ యుద్ధం నుంచి ఇంటికి తిరిగొచ్చాడు. ఆమె అతనికి ఓ పాట కానుకిచ్చింది. సముద్రంలో దారితప్పి, ఓ దీవిలో చిక్కుకుని, సూర్యుణ్ణి గుర్తు పెట్టుకుని ఇల్లు చేరిన ట్లింగిట్ పూర్వీకుడి పాట అది.