కొండ కోతి అనే కట్టుకథ

"కోతులది కొండ. పట్టి నల్లమలలో వదిలేస్తే పీడా పోతుంది." తార్నాక అపార్టుమెంట్లలో ఇది ఇప్పుడు తీర్పులాంటి మాట. బాల్కనీలో పచ్చడి జాడీ పోగొట్టుకున్నవారు విసుగుతో అన్నారంటే సరే. ఉస్మానియా క్యాంపస్‌లో జీవశాస్త్రం పట్టా పుచ్చుకున్నవారు కూడా ఇదే పాట పాడితే ఒళ్ళు మండుతుంది. పైగా వీళ్ళకో సాక్ష్యం ఉంది: పశ్చిమ కనుమల సింహపు తోక కోతి. అంతరించిపోతున్న ఆ జాతి కొండల మీదే మిగిలింది కాబట్టి కోతికి ఎత్తే ఇష్టమట! తరిమితే చేరిన చోటును కోరుకున్న చోటు అనడం ఎంత సోమరి తర్కం!

ఆ కోతికి కావలసింది ఏడాది పొడవునా పండ్లు, కొమ్మకు కొమ్మ తగిలే సతతహరితారణ్యం. కొండ దిగువన ఆ అడవిని వరికి, పోకకు, రబ్బరుకు నరికేశాం. నరకడం కష్టమైన వాలుల్లో కోతి మిగిలింది. ఎత్తే ముఖ్యమైతే తీరానికి చేరువలోని సిర్సి-హొన్నావర అడవుల్లో, అంత ఎత్తులేని కొండల్లో, దాని గుంపులెందుకున్నాయి? వాల్పారై చూడండి. వెయ్యి మీటర్ల ఎత్తున్న ఊరు, చుట్టూ తేయాకు. పుదుతోట్టం అడవి ముక్కలో చిక్కిన సింహపు తోక కోతులు చెట్టు దిగి నేల మీద నడుస్తున్నాయి, ఇళ్ళలోకి వస్తున్నాయి. ఎత్తు ఉంది, అడవి లేదు. సైలెంట్ వ్యాలీలో కుంతిపుళ నది మీద ఆనకట్ట కట్టి ఉంటే మునిగేది లోయ అడవే, శిఖరాలు కావు. ఆ ఆనకట్టను వ్యతిరేకించిన ఉద్యమానికి గుర్తుగా నిలిచింది ఈ కోతే. 1984లో ఆ లోయ జాతీయ పార్కు అయింది. శిఖరాలకు కంచె వేసి కోతిని కాపాడామనుకునేవారు ఈ చరిత్ర చదవాలి.

2005లో శాస్త్రానికి పరిచయమైన అరుణాచల్ కోతి రెండువేల మీటర్ల పైన బతకడం లేదా అంటారు. బతుకుతుంది, దాని ఒత్తైన బొచ్చు ఆ చలికి తగినదే. ఒక జాతి అలవాటు మరో జాతికి చట్టం కాదు. మన ఊళ్ళలో తిరిగేవి బానెట్, రీసస్ కోతులు. గుళ్ళ దగ్గర, రోడ్ల పక్క చెట్ల మీద మనుషులను ఆనుకుని తరతరాలుగా బతికినవి. వేసవిలో ఆకు రాలే నల్లమలలో వదిలితే అవి శ్రీశైలం ఘాట్ రోడ్డెక్కి కార్ల కోసం కాచుకుంటాయి. ఒకప్పుడు గోదావరికి ఉత్తరానే ఉన్న రీసస్ ఇప్పుడు దక్షిణానికి దిగి, దక్షిణాదిన తప్ప ఎక్కడా లేని బానెట్ కోతిని తోసేస్తోంది. ఏ జాతో చూడకుండా పట్టి వదలడమంటే ఆ తోపుడుకు లారీ సమకూర్చడమే. తార్నాకవాసులు చెత్తకుండీలకు మూతలు పెట్టాలి, అరటిపళ్ళు విసరడం మానాలి. విశ్వవిద్యాలయం క్యాంపస్‌లో పండ్ల చెట్లను మిగల్చాలి. నల్లమలను మాత్రం వదిలేయండి.