గడపకు దండ, వాగుకు మౌనం

వంగరలో మాజీ ప్రధాని పి.వి. నరసింహారావు పెరిగిన ఇల్లు మ్యూజియమైంది గనుక ఆయన చరిత్ర భద్రమైందన్న మాట ఏటా జూన్ 28న జయంతి వేదికల మీద వినబడుతూనే ఉంటుంది. చరిత్ర బరువును ఇంతకన్నా తేలికగా దించుకునే ఉపాయం లేదు. 1921లో లక్నేపల్లిలో పుట్టి, దత్తతతో వంగర చేరిన బాలుడికి ఆ గోడలు నీడనిచ్చి ఉండవచ్చు గానీ, ప్రధాని నిర్ణయాలకు అవి సాక్ష్యం చెప్పలేవు. భూపరిమితికి, అంటే ఒక కుటుంబానికి ఇంతకు మించి భూమి ఉండరాదన్న నియమానికి, ముఖ్యమంత్రిగా పూనుకున్న ఆయనను స్మరించడానికి భూవసతి గల కుటుంబపు ఇంటినే గుడిగా చేయడం రాజకీయాన్ని వంశావళిగా కుదించడమే.

గతాన్ని మ్యూజియం చేసే ఈ మోజు సంగారెడ్డిలో మరో వేషం కట్టింది: 1796 నాటి చెరసాలను మ్యూజియం చేసి, 500 రూపాయలు చెల్లించినవారికి ఒక రోజు ఖైదీ అనుభవాన్ని అమ్మారు. గతం వినోదమైతే చాలుననుకునేవారికి వర్తమానం కనబడదు.

పరిశ్రమల శాఖను తన వద్దే ఉంచుకున్న ప్రధాని పి.వి. ప్రభుత్వం 1991 జులై 24న అత్యధిక పరిశ్రమలకు లైసెన్సు, అంటే ప్రభుత్వ ముందస్తు అనుమతి, అక్కరలేదని ప్రకటించింది. ఆ విధానాన్ని చదవవలసిన చోటు అదే సంగారెడ్డి జిల్లాలోని పారిశ్రామిక ప్రాంతాలు: పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం. ఇక్కడి కాలుష్యంపై వ్యాజ్యం 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది గనుక నేరమంతా 1991దేనని ఎవరూ అనరు. ఆ కాలుష్యానికి వేగం ఎవరిచ్చారన్నదే ప్రశ్న. పటాన్‌చెరు పరిసరాల ఔషధ పరిశ్రమల వ్యర్థాలను శుద్ధి చేసి వదిలిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్, అంటే సూక్ష్మజీవులను చంపే మందు, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. అటువంటి నీళ్లు మోసిన నక్కవాగు మంజీరలో కలుస్తుంది. ఆ వాగుకు జయంతి లేదు.

2025లో జయంతి దండలు వాడకముందే, జూన్ 30న, పాశమైలారంలోని ఔషధ పరిశ్రమలో పేలుడు నలభై మందికి పైగా కార్మికులను బలిగొంది. వారిలో అనేకులు ఒడిశా, బీహార్ వంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవారు. వారి చిన్ననాటి ఇళ్లను భద్రపరచాలని ఏ వేదికా కోరలేదు.

వంగర ఇంటికి తాళం వేయమని కాదు ఈ వాదన. పటాన్‌చెరులో ఒక గది చాలు: నాటి విధానపత్రం, వ్యాజ్యం కాగితాలు, వాగు నీళ్ల సీసా, మృతుల పేర్లు ఒకే వరుసలో ఉంచితే ఆ నేత చరిత్ర అక్కడ మొదలవుతుంది.